పరభాషా మాధ్యమమున పెరిగిన తెలుగు కవి: ఆచార్య సి. నారాయణరెడ్డి

మాధ్యమిక పాఠశాల మొదలు బి.ఏ. పట్టము వరకు ఉర్దూ మాధ్యమముననే చదివిన యొక పల్లెటూరి బాలుడు తరువాతి కాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను; తెలుగు కవిత్వమునకు జ్ఞానపీఠ పురస్కారమును దెచ్చెను; తెలుగు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతి యయ్యెను. ఆయనయే సింగిరెడ్డి నారాయణరెడ్డి. లోకము వారిని 'సినారె' యని మూడక్షరములతో పిలుచుకొన్నది. 1931వ సంవత్సరము జూలై 29వ తేదీన జన్మించి, 2017వ సంవత్సరము జూన్ 12వ తేదీన హైదరాబాదున దివంగతులైన ఈ కవి మన కాలపువాడు. ఆయన కంఠమును స్వయముగా విన్నవారు మనలో ననేకులు కలరు.

తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మనకు ఈ జీవితము ప్రత్యేకముగా పరిశీలింపదగినది. 2011వ సంవత్సరపు జనగణనమున తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు తమిళనాట సుమారు 42 లక్షలు, కర్ణాటకమున సుమారు 35 లక్షలు. వీరి బిడ్డలలో అధిక సంఖ్యాకులు గణితమును, విజ్ఞానమును, చరిత్రను పరభాషలో చదువుచున్నారు. తెలుగు నేర్చుకొను భాగ్యము గలవారికి గూడ అది దినమునకొక గంట వినిపించు పాఠ్యాంశము మాత్రమే. ఒక గంట మాత్రము వినిపించు భాష విద్యార్థి హృదయమున నెట్లు వేళ్ళూనగలదు? ఈ ప్రశ్నకు నారాయణరెడ్డిగారి జీవితమున నొక సమాధానమున్నది. ఆ సమాధానమును తొందరపడి మనకు వర్తింపజేసికొనుటలో నొక ప్రమాదమును గలదు. ఆ రెంటిని వివరించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

పుట్టిన నేల

నారాయణరెడ్డిగారి స్వగ్రామము హనుమాజీపేట. తల్లి బుచ్చమ్మ, తండ్రి మల్లారెడ్డి. ఆ గ్రామము నాడు నిజాము పాలనలోని కరీంనగరు జిల్లాకు చెందియుండెను. నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో నున్నది. దానికి సమీపముననే వేములవాడ గలదు. వేములవాడ యనగానే కర్ణాటకమునందలి మన సోదరులకు పంపకవి స్ఫురింపకపోడు. కన్నడమున ఆదికవిగా కొనియాడబడు పంపుడు పదవ శతాబ్దమున వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరి యాస్థానమున నుండి 'విక్రమార్జున విజయము'ను రచించెను. ఆయన తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల సమీపమునందలి గుట్టపై చెక్కించిన శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును గలవు. తెలుగు కంద పద్యములకు లభించిన ప్రాచీన సాక్ష్యములలో నది ముఖ్యమైనది. ఒక్క రాతిపై మూడు భాషలు తగవులేక నిలిచిన ఆ ప్రాంతముననే, వేయి సంవత్సరముల తరువాత, ఉర్దూలో చదివి తెలుగులో వ్రాయు కవి పుట్టినాడు.

బాల్యమున ఆయన నాకర్షించినవి పుస్తకములు గావు. హరికథలు, జంగము కథలు, జానపద గేయములు. ఇది మన ఉపాధ్యాయులు శ్రద్ధగా గమనింపవలసిన విషయము. హరిదాసు చిడతలతో వేయు తాళమున, జంగము కథకుని వంతపాటలో, చతురస్ర ఖండ మిశ్ర గతులన్నియు నిమిడియున్నవి. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, అయిదు మాత్రలు అను గణవిభాగమును లక్షణగ్రంథమున చదువకమునుపే బాలుని చెవి పట్టుకొనును. చెవి పట్టుకొన్న లయను పెద్దవయసున మరచుట కష్టము. నారాయణరెడ్డిగారు తరువాత వ్రాసిన గేయకావ్యములన్నిటికిని పునాది ఈ వీధి యరుగులపై పడినదనుట సాహసము గాదు.

విద్యాభ్యాసము

సిరిసిల్లలో మాధ్యమిక విద్య, కరీంనగరులో ఉన్నత పాఠశాల విద్య. రెండుచోట్లను బోధనభాష ఉర్దూయే. తెలుగు ఐచ్ఛికముగా తీసికొనదగిన యొక అంశము మాత్రమే. ఆనాటి హైదరాబాదు సంస్థానపు పరిస్థితి నెరుగనివారికి దీనిని కొంత వివరింపవలెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆంగ్లమునకు బదులు ఒక దేశభాషను ఉన్నతవిద్యకు మాధ్యమముగా స్వీకరించి దేశమునకు మార్గదర్శకమైనది. అయితే ఆ దేశభాష ఉర్దూ. సంస్థాన ప్రజలలో అధిక సంఖ్యాకులు తెలుగువారు. మరాఠీ, కన్నడము మాటలాడువారును లక్షల సంఖ్యలో నుండిరి. కనుక సొంత గడ్డపై నుండియు తెలుగువాడు చదువులో నొక విధమైన అల్పసంఖ్యాకుడే యయ్యెను.

ఈ లోటును ప్రజలే తీర్చుకొనిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1921లో నొక సభలో తెలుగున ప్రసంగింపబోయిన ఆలంపల్లి వేంకటరామారావుగారిని శ్రోతలు గేలిచేయగా, ఆ యవమానము నుండి ఆంధ్ర జనసంఘము పుట్టినది. తెలంగాణమున తెలుగు కవులు లేరను మాటకు ప్రత్యుత్తరముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిరి. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు నెలకొన్నది. ప్రభుత్వ పాఠశాల యీయని తెలుగును గ్రంథాలయము, సభ, సంచిక యను మూడు సంస్థలు ఇచ్చినవి.

హైదరాబాదు సంస్థానము 1948 సెప్టెంబరులో భారతదేశమున విలీనమైనది. మరుసటి సంవత్సరము నారాయణరెడ్డిగారు నగరమునకు వచ్చి చాదర్‌ఘాటు కళాశాలలో ఇంటర్మీడియెటు, పిదప ఉస్మానియాలో బి.ఏ. చదివిరి. అప్పటికిని మాధ్యమము ఉర్దూయే. కాని నగరమున భాషానిలయపు పుస్తకముల బీరువాలు ఆయనకు తెరచియుండెను. ఆధునిక కవుల రచనలను ఆయన యచ్చట విరివిగా చదువుకొనిరి. చెవికి తెలిసిన తెలుగు కంటికిని పరిచయమైనది అచ్చటనే. 1954లో తెలుగున ఎం.ఏ. పట్టమును పొందిరి. అంతకు ముందే, 1953లో, 'నవ్వని పువ్వు' అను గేయరూపకము అచ్చయినది. అదే సంవత్సరమున 'జలపాతము' వెలువడినది. ఉర్దూలో బి.ఏ. చదివిన యువకుని తొలి పుస్తకములు రెండును తెలుగు గేయములగుట యాదృచ్ఛికము గాదు. కథాగానపు లయయే వానిలో ముందుగా పలికినది.

గేయకావ్యములు

తరువాతి ఆరేండ్లలో మూడు చారిత్రక కావ్యములు వచ్చినవి. 1955లో వెలువడిన 'నాగార్జునసాగరము' బౌద్ధము వర్ధిల్లిన నాటి విజయపురిని రంగస్థలముగా గొని, శాంతిశ్రీ, పద్మదేవుల ప్రణయమును చిత్రించినది. ఆ సంవత్సరము డిసెంబరు 10వ తేదీననే నెహ్రూగారు నాగార్జునసాగరు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. నీట మునుగనున్న లోయ కావ్యమున నిలిచిపోయినది.

1957లో వచ్చిన 'కర్పూర వసంతరాయలు' ఆయనకు విశేష కీర్తిని దెచ్చినది. కొండవీటి రెడ్డిరాజైన కుమారగిరి పదునాలుగవ శతాబ్దపు చివర పాలించినవాడు. కర్పూరమును విరివిగా వెదజల్లి వసంతోత్సవములు జరిపించుటచే ఆయనకు ఆ బిరుదము గలిగినది. ఆయన బావమరిదియు మంత్రియునైన కాటయవేముడు కాళిదాస నాటకములకు వ్యాఖ్యలు వ్రాసిన విద్వాంసుడు. ఈ రాజునకును, లకుమ యను నర్తకికిని గల అనురాగమే కావ్యవస్తువు. నర్తకి కథ చెప్పవలసి వచ్చినప్పుడు కవి వృత్త పద్యమును గాక మాత్రాచ్ఛందస్సును ఎన్నుకొనెను. పాదము అడుగుగా మారి నడచుటకు గేయమే తగినది. వస్తువునకును, ఛందస్సునకును గల యీ పొందికయే ఆ కావ్యమునకు ప్రాణము.

మూడవది 1959 నాటి 'విశ్వనాథ నాయకుడు'. తమిళనాటి తెలుగువారికి ఇది తమ యింటి కథ. శ్రీకృష్ణదేవరాయలు తన సేనాని నాగమనాయకుని పాండ్యరాజునకు సాయముగా పంపెననియు, ఆ సేనాని చోళుని గెలిచి మధురను తానే యాక్రమించుకొనెననియు, అప్పుడు నాగముని కుమారుడు విశ్వనాథుడే రాయల యాజ్ఞను శిరసావహించి తండ్రిపై దండెత్తి బంధించి తెచ్చెననియు ఐతిహ్యము. రాయలు తండ్రిని క్షమించి, కుమారుని మధురకు పాలకునిగా నియమించెనట. ఈ ఐతిహ్యమున చరిత్ర యెంత, కల్పన యెంత యను విషయమున చరిత్రకారులకు భిన్నాభిప్రాయములు గలవు. అయినను మధుర నాయకరాజ్యమునకు విశ్వనాథుడు మూలపురుషుడగుటయు, 1736 వరకు సాగిన ఆ రాజ్యమున తెలుగు వాఙ్మయము వర్ధిల్లుటయు నిర్వివాదములు. పితృభక్తికిని, స్వామిభక్తికిని నడుమ నలిగిన యువకుని హృదయము కవికి కావ్యవస్తువైనది. మధుర తిరునెల్వేలి ప్రాంతముల తెలుగు కుటుంబములలో నాయకరాజుల ప్రశస్తి నేటికిని వినిపించును. కాని ఆ రాజ్యపు తొలి పురుషునిపై ఇరువదవ శతాబ్దమున నొక తెలుగు కావ్యము వెలువడిన సంగతి మన బిడ్డలలో నెందరికి తెలియును?

ఆచార్యత్వము, పరిశోధన

నారాయణరెడ్డిగారు 1955లో సికింద్రాబాదు ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలలో ఉపన్యాసకులుగా ప్రవేశించిరి. పిదప నిజాము కళాశాలలోను, ఆపై ఉస్మానియా విశ్వవిద్యాలయ తెలుగు శాఖలోను బోధించి, 1976లో ఆచార్య పదవి నందుకొనిరి. అంతకు పూర్వము 1962లో డాక్టరేటు పట్టమును పొందిరి. ఆ పట్టమునకై సమర్పించిన 'ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు' అను గ్రంథము ఆధునిక కవిత్వమును బోధించువారికి నేటికిని చేతిదీపము.

ఈ గ్రంథపు పేరే దాని ప్రతిపాదనమును సూచించును. సామాన్యముగా సంప్రదాయము, ప్రయోగము అనునవి ఒకదాని కొకటి శత్రువులని తలపబడును. ఒక పక్షమువారు పాతది యంతయు శ్రేష్ఠమందురు. ఇంకొక పక్షమువారు క్రొత్తది యంతయు నుత్తమమందురు. నారాయణరెడ్డిగారి దృష్టి వేరు. నేటి సంప్రదాయము నిన్నటి ప్రయోగమే. నేడు నిలిచిన ప్రయోగమే రేపటి సంప్రదాయము. గురజాడవారి ముత్యాలసరము అట్టి దృష్టాంతము. వెలువడిననాడు అది ప్రయోగము. నేడు మన వాచకములలో బాలురు కంఠస్థము చేయు సంప్రదాయము. సంప్రదాయ జ్ఞానము లేని ప్రయోగము వేరులేని మొక్క. ప్రయోగమునకు చోటీయని సంప్రదాయము చిగురింపని మోడు. కవి పరిశోధకుడైనప్పుడు ఇట్టి చూపు సాధ్యమగును. ఏలయన, ఒక పాదము ఎట్లు పుట్టునో ఆయనకు లోపలినుండి తెలియును.

పోతన పద్యములపై ఆయన రచించిన 'మందార మకరందాలు' అను వ్యాఖ్యానమును ఇచ్చట పేర్కొనవలెను. వచన కవితను, సినిమా పాటను వ్రాసిన చేయియే భాగవత పద్యముల సొగసును విప్పిచెప్పినది. పద్యమును ప్రతిపదార్థముతో ముగించి పరీక్షకు సిద్ధము చేయుటయే బోధనమనుకొను మనకు, శబ్దపు మాధుర్యము ఎచ్చటినుండి వచ్చుచున్నదో చూపించు ఆ పద్ధతి నేర్చుకొనదగినది.

విశ్వంభర

1970 నాటి 'మంటలూ మానవుడూ' కావ్యమునకు 1973లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. గేయము నుండి వచన కవితకు ఆయన అప్పటికే మళ్ళియుండిరి. ఆ మార్గమున శిఖరము 1980లో వెలువడిన 'విశ్వంభర'. విశ్వంభర యనగా సమస్తమును భరించునది, భూమి. ఈ దీర్ఘకావ్యమున నాయకుడు మానవుడు, రంగస్థలము భూమి, నేపథ్యము ప్రకృతి. ఇందలి మానవునకు పేరు లేదు, ఊరు లేదు, జాతి లేదు. ఆదిమదశ నుండి కళ, విజ్ఞానము, ఆధ్యాత్మికత యను మూడు దారులలో ఆతడు సాగించిన యాత్రయే కథ. బుద్ధుడు, క్రీస్తు, గాంధీ మొదలగు మహనీయుల నీడలు అందు తారసిల్లును గాని పేర్లు వినబడవు. చదువరియే గుర్తింపవలెను.

ప్రబంధ లక్షణములలో పెరిగిన పాఠకునకు ఇది వింతగా తోచవచ్చును. వంశవర్ణన లేదు, నాయిక లేదు, ఛందస్సు లేదు. అయినను దీనిని కావ్యమని యేల యనవలెను? ఇందు మనస్సు ఒక స్థితి నుండి ఇంకొక స్థితికి ఎదుగుచున్నది, పడుచున్నది, మరల లేచుచున్నది. అట్టి యేకసూత్రత వలననే అది ఖండికల సంపుటి కాక కావ్యమైనది. ఈ కృతికి గాను 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించినది. తెలుగున ఆ గౌరవమును మొదట పొందినవారు, 1970వ సంవత్సరమునకు, విశ్వనాథ సత్యనారాయణగారు, రెండవవారు నారాయణరెడ్డిగారు, 2012వ సంవత్సరమునకు రావూరి భరద్వాజగారు మూడవవారు.

ఉర్దూ నుండి తెచ్చిన కానుక

ఉర్దూ మాధ్యమము తనపై మోపబడిన భారమని నారాయణరెడ్డిగారు దానిని విసర్జింపలేదు. ఆ భాషలోని సంపదను తెలుగునకు తరలించిరి. దాశరథిగారు 1961లో 'గాలిబ్ గీతాలు' ప్రకటించి తెలుగువారికి గాలిబును సన్నిహితుని గావించిరి. నారాయణరెడ్డిగారు గజలు రూపమునే తెలుగున పాదుకొల్పి, తామే గానము చేసి ప్రచారము గావించిరి.

గజలు నిర్మాణము నెరుగనివారికై నాలుగు మాటలు. గజలు ద్విపదుల వరుస. ఒక్కొక్క ద్విపదను షేరందురు. ప్రతి షేరును తనంతట తాను పూర్ణమైన భావము గలది. ముందు వెనుకల వానితో కథాసంబంధ ముండనక్కరలేదు. మొదటి షేరులో, అనగా మత్లాలో, రెండు పాదముల చివరను ఒకే ప్రాసయు, దాని వెంట ఒకే పదమో పదబంధమో వచ్చును. ప్రాసను ఖాఫియా యనియు, మరల మరల వచ్చు పదమును రదీఫు అనియు నందురు. తరువాతి షేరులలో రెండవ పాదమున మాత్రమే ఈ నియమము. తుది షేరగు మక్తాలో కవి తన ముద్రనామమును నిలుపును. నారాయణరెడ్డిగారి ముద్ర 'సినారె' యే.

ఈ లక్షణములను తెలుగు కంటితో చూచినచో అపరిచితములు గావు. రదీఫు మన శతక మకుటమునకు చుట్టము. ముద్రనామము వేమన పద్యపు చివరి పాదమున మనకు చిరపరిచితము. ఒక్కొక్క పద్యము స్వతంత్రముగా నిలుచుటయు శతక లక్షణమే. ఉర్దూ ఛందస్సును మన ఛందస్సువలెనే దీర్ఘ హ్రస్వముల కూర్పుపై నిలిచినది. కనుక గజలు తెలుగున నాటుకొనుట పరాయి మొక్కను బలవంతముగా నాటుట గాదు, అంటు కట్టుట. రెండు చెట్ల తత్త్వము నెరిగిన తోటమాలికే అంటు బ్రతుకును. ఉర్దూను బడిలో నేర్చి, తెలుగును వీధిలో విని, గ్రంథాలయమున చదివిన వ్యక్తికి అది సాధ్యమైనది.

రూపకల్పనపై ఆయనకు గల యాసక్తి 'ప్రపంచపదులు'న గూడ కాననగును. అయిదు పాదముల పంచపది యిది. పేరులో ప్రపంచమును, పంచపదియు రెండును ధ్వనించును. అయిదు పాదములలో నొక భావమును ముగించుట విద్యార్థికి మంచి సాధన.

సినిమా పాట, పదవులు

1962లో వచ్చిన 'గులేబకావళి కథ'తో నారాయణరెడ్డిగారు చిత్రగీత రచనకు పూనుకొని మూడు వేలకు పైగా పాటలు వ్రాసిరి. పండితులలో కొందరు దీనిని చిన్నచూపు చూచిరి. కాని తెలుగు బడి లేని ఊళ్ళలో, తెలుగు లిపి రాని యిండ్లలో, తెలుగును ప్రతిదినము మ్రోగించినది సినిమా పాటయే. మన ప్రాంతములలో నొక యాచార్యుని తెలుగు వంటయింటి వరకు చేరినది ఆ దారిననే యని మనము కృతజ్ఞతతో నంగీకరింపవలెను.

ఆయన నధిష్ఠించిన పదవుల జాబితా దీర్ఘమైనది. 1980వ దశకపు ఆరంభమున ఆంధ్రప్రదేశ్ అధికార భాషా సంఘమునకు అధ్యక్షులు. 1985 నుండి సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు, 1989 నుండి తెలుగు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతి. 1997 నుండి 2003 వరకు రాజ్యసభలో రాష్ట్రపతిచే నియమితులైన సభ్యులు. 1977లో పద్మశ్రీ, 1992లో పద్మభూషణ గౌరవములు లభించినవి. 1993 నుండి తుదివరకు సారస్వత పరిషత్తునకు అధ్యక్షులుగా నుండిరి. బడి యీయని తెలుగును యువకులకిచ్చిన సంస్థకు ఆ యువకులలో నొకడే వృద్ధుడై అధ్యక్షత వహించుట ఋణము దీర్చుకొనుటయే. పదవులలో నుండియు రచన మానలేదు. ప్రతి జన్మదినమునకు నొక క్రొత్త పుస్తకము వెలువరించుట చిరకాలము నియమముగా పాటించిరి. తమ నలుగురు కుమార్తెలకును నదుల పేర్లు పెట్టుకొన్నారు.

గుణదోష విచారము

ఇంత విస్తారముగా వ్రాసిన కవిలో ఎత్తుపల్లములు తప్పవు. అంత్యప్రాసపై మక్కువ ఆయన బలమును, బలహీనతయు గూడ. 'తేజస్సు నా తపస్సు', 'మార్పు నా తీర్పు' అను పేర్లను చూచిననే ఆ మక్కువ తెలియును. ప్రాస భావమును వెంట నడిపించుకొని వచ్చినచోట పాదము మరపురానిదగును. భావమునకు ముందే ప్రాస సిద్ధమైనచోట కవిత్వము సభలో కరతాళధ్వనులకే పరిమితమగును. ఉపన్యాస ధోరణి కొన్ని ఖండికలలో కవిత్వమును కప్పివేసినదనుట గూడ నిజమే. అయినను చెవినుండి పుట్టిన కవి చెవినే యాశ్రయించుట సహజము. మౌనముగా చదువబడు కవిత్వమునకు వేరు ప్రమాణము. పదిమందిలో వినిపింపబడు కవిత్వమునకు వేరు ప్రమాణము. రెండవ ప్రమాణమున ఆయనతో సాటిరాగలవారు మిక్కిలి తక్కువ.

మనకు వర్తించునది, వర్తింపనిది

ఈ జీవితమునుండి మన పాఠశాలలకు మూడు విషయములు గ్రాహ్యములు. మొదటిది, చెవి. ఈ వ్యాసకర్త తరగతులలో వాచకమును తడబడుచు చదువు విద్యార్థులు, పద్యమును మూడు పర్యాయములు రాగయుక్తముగా వినిపించినంతనే అప్పగింపగలుగుచున్నారు. పిమ్మట పుస్తకమును తెరచినచో తెలిసిన పద్యమున తెలియని అక్షరములను తామే గుర్తించుచున్నారు. కనుక లిపికి ముందు పాట, పరీక్షకు ముందు పఠనము. రెండవది, గ్రంథాలయము. బడి గంట మ్రోగిన తరువాత తెలుగు దొరకు చోటొకటి ఊరిలో నుండవలెను. సంఘముల యుత్సవ వ్యయములో నొక భాగము బాలుర పుస్తకములకు వినియోగించినచో అది వ్యర్థము గాదు. మూడవది, పొరుగు భాషపై ప్రేమ. కన్నడమున సర్వజ్ఞుని త్రిపదులు చదువు బాలుడు వాని ప్రక్కన వేమనను నిలుపగలడు. తిరుక్కురళ్ కంఠస్థము చేసిన బాలిక దానిని తెలుగు పదములలో చెప్పుటకు యత్నింపగలదు. ఒడియాలో సారళాదాసు భారతమును, మరాఠీలో తుకారాము అభంగములను ఎరిగిన మన బిడ్డలు తెలుగునకు తేగల కానుకలు తక్కువవి గావు. రెండు భాషల నడుమ పెరుగుట లోపము గాదు. అది నారాయణరెడ్డిగారికి గజలు నిచ్చిన పెన్నిధి.

ఇక ప్రమాదము. ఈ జీవితమును చూపి, 'ఉర్దూలో చదివిననేమి, మహాకవి కాలేదా? తెలుగు బడి యెందులకు?' అని యెవరైన నడుగవచ్చును. ఆ వాదము నిలువదు. హనుమాజీపేటలో బడి వెలుపల నున్నదంతయు తెలుగే. తల్లి మాట, పొలములో పాట, గుడిలో హరికథ, సంతలో బేరము అన్నియు తెలుగే. తరగతిలోని ఉర్దూ ఆ తెలుగు సముద్రమున నొక దీవి. మన బిడ్డల స్థితి దీనికి విపరీతము. వారి వీధి, సంత, ఆట యన్నియు పరభాషలో నున్నవి. ఇల్లు మాత్రమే తెలుగు. అదియు తరమునకు కొంత చొప్పున తగ్గుచున్నది. ఆయనకు తరగతిలోని తెలుగు గంట ఉన్నదానికి చేర్పు. మనవారికి అదియే ఆధారము.

భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగపు 350ఏ అధికరణము చెప్పుచున్నది. 1956లో ఏడవ సవరణచే చేర్చబడిన యీ అధికరణమును మన తల్లిదండ్రులలో నెరిగినవారు తక్కువ. తమిళనాట 2006 నాటి తమిళ బోధన చట్టముచే తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైన పిదప, ఇతర మాతృభాషల విద్యార్థులు పరీక్షల విషయమున న్యాయస్థానముల నాశ్రయింపవలసి వచ్చినది. రాష్ట్రభాషను నేర్చుట మన బిడ్డలకు మేలే. దానిని వ్యతిరేకించుట తగదు. మన కోరిక దాని ప్రక్కన తెలుగునకు నొక పీట మాత్రమే. ఆ పీట పోవుట తరచుగా చట్టము వలన గాదు. తెలుగు ఉపాధ్యాయుడు విశ్రాంతి గైకొన్నప్పుడు ఆ స్థానము నిండక, ఒకటి రెండేండ్లు విద్యార్థులు చేరక, చివరకు తరగతియే మూతపడును. విద్యార్థులు లేరు గనుక ఉపాధ్యాయుడు లేడందురు. ఉపాధ్యాయుడు లేడు గనుక విద్యార్థులు లేరు. ఈ వలయమును త్రెంపగలవారు ప్రవేశముల నాడు బిడ్డ పేరు తెలుగు తరగతిలో వ్రాయించు తల్లిదండ్రులే.

కరీంనగరు ఉన్నత పాఠశాలలో నాడు తెలుగు ఐచ్ఛికాంశముగానైన లేకుండినచో ఏమై యుండెడిదో ఊహింపుడు. ఆ బాలుడు ఉర్దూలో మంచి కవి యైయుండవచ్చును. మనకు 'కర్పూర వసంతరాయలు' గాని, 'విశ్వంభర' గాని దక్కియుండెడివి కావు. ఐచ్ఛికమను పేరుతో మూలన నిలిచిన యొక తెలుగు తరగతి, ఒక గ్రంథాలయము, ఒక హరికథా కాలక్షేపము కలసి ఒక మహాకవిని నిలిపినవి. మన ఊళ్ళలో మిగిలియున్న తెలుగు తరగతులలో నేడు కూర్చున్న బిడ్డలలో ఎవరేమగుదురో మనకు తెలియదు. కనుక ఆ తరగతులను తెరచియుంచుట మన విధి.